పట్టపుటేనుగు మాల: చార్టర్ బడుల కథనంపై ఒక పరిశీలన

అమెరికాలో చార్టర్ బడుల గురించి వచ్చిన ప్రచార సాహిత్యం చాలా ఉంది. అందులో ప్రేక్షకుల గుండెల్ని సూటిగా తాకింది 2010లో విడుదలైన 'వెయిటింగ్ ఫర్ సూపర్‌మాన్' అనే డాక్యుమెంటరీ చిత్రం. ఆ ఏడాది సండాన్స్ చిత్రోత్సవంలో అది ప్రేక్షకుల బహుమతి గెలుచుకుంది. అక్టోబరులో అధ్యక్షుడు ఒబామా ఆ చిత్రంలోని పిల్లల్ని వైట్‌హౌస్‌కు పిలిపించి పలకరించాడు. ఒక డాక్యుమెంటరీకి ఇంతటి రాజాదరణ దొరకడం మామూలు విషయం కాదు. ఎందుకు దొరికిందన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

ఆ చిత్రం చెప్పిన కథను, ఆ కథ వెనుకనున్న లెక్కలను పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. అమెరికా బడుల గొడవ తెలుగు రచయితకు, సాహిత్య విద్యార్థికి దేనికని ఎవరైనా అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒక విధానం జనామోదం పొందేది గణాంకాల వల్ల కంటే కథల వల్లనే ఎక్కువ. కథ ఎలా పని చేస్తుందో తెలిసినవాళ్లు సాహిత్యకారులు గనుక, ఆ పనితీరును విప్పి చూపే బాధ్యత కూడా వాళ్లదే. ఇది మొదటి కారణం. ఆ చిత్రంలో చూపిన లాటరీ వంటిదే ఒకటి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో కూడా జరిగింది. ఇది రెండో కారణం. దాని సంగతి తర్వాత చూద్దాం.

చార్టర్ బడి పుట్టుక

ముందుగా ఈ బడి స్వరూపం తెలియాలి. ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వేతర సంస్థ నడిపే బడి చార్టర్ బడి. ఫీజు ఉండదు. ఎంతమంది పిల్లలు చేరితే తలకింత చొప్పున ప్రభుత్వం డబ్బిస్తుంది. కొన్నేళ్ల గడువుతో ఒక ఒప్పందం రాసుకుంటారు. ఆ ఒప్పందమే చార్టర్. ఫలితాలు చూపకపోతే దాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. మామూలు ప్రభుత్వ బడులకున్న నియమాలు చాలావరకు వీటికి వర్తించవు. ఎక్కువ చార్టర్ బడుల్లో ఉపాధ్యాయ సంఘాలుండవు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. మొదటి చట్టం 1991లో మిన్నెసోటా రాష్ట్రం చేసింది. మొదటి బడి 1992లో అదే రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో తెరిచారు. 2021 నాటికి ఈ బడుల్లో సుమారు 37 లక్షల మంది చదువుతున్నారు. ప్రభుత్వ ధనంతో చదివే పిల్లల్లో వీళ్లు 7 శాతానికి పైమాటే.

ఈ ఊహకు బలమిచ్చినవాడు ఒక ఉపాధ్యాయ సంఘ నాయకుడు. ఇది చాలామంది మరచిపోయిన సంగతి. రే బడ్డీ అనే ఆచార్యుడు వాడిన 'చార్టర్' అన్న మాటను తీసుకుని, అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ 1988లో ఒక ప్రతిపాదన చేశాడు. కొందరు ఉపాధ్యాయులు కలిసి, సంఘం అండతో, చదువు రాని పిల్లలకు చదువు చెప్పే కొత్త పద్ధతులను చిన్న బడుల్లో ప్రయోగించి చూడాలి. ఫలించినవాటిని తక్కిన బడులన్నిటికీ అందించాలి. ఇదీ ఆయన ఆలోచన. అంటే చార్టర్ బడి ఒక ప్రయోగశాల. అక్కడ పండిన పంటకు హక్కుదారులు అందరూ.

కాని ఆ దేశంలో అంతకు ముందునుంచే మరో ఆలోచన ఉంది. 1955లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ రాసిన వ్యాసం దానికి మూలం. ప్రభుత్వం డబ్బు మాత్రమే ఇవ్వాలి, బడులు నడపడం మార్కెట్టుకు వదలాలి, తల్లిదండ్రులు కొనుగోలుదారులుగా ఎంచుకోవాలి అన్నది ఆ వాదన. ఈ ఆలోచన ప్రకారం పక్కబడి పోటీదారు. షాంకర్ నాటిన మొక్కకు ఫ్రీడ్‌మన్ అంటు కట్టారు. 1993 నాటికే షాంకర్ తన ప్రతిపాదనకు దూరం జరిగాడు. లాభాల కోసం బడులు నడిపే కంపెనీలు రంగంలోకి దిగడం ఆయన కళ్లారా చూశాడు. ఇవాళ చార్టర్ బడిని మెచ్చేవాళ్లు, తిట్టేవాళ్లు చాలాసార్లు ఈ రెండు భిన్నమైన వస్తువుల గురించి ఒకే పేరుతో మాట్లాడుతుంటారు.

కథ నడక

చిత్రం పేరు హార్లెంలో బడులు నడిపిన జెఫ్రీ కెనడా చెప్పిన ఒక బాల్య జ్ఞాపకం నుంచి వచ్చింది. సూపర్‌మాన్ నిజం కాదని తల్లి చెప్పినప్పుడు తాను ఏడ్చానని, తమను కాపాడగల బలవంతుడు ఎవడూ రాడని తెలిసినందుకు ఆ ఏడుపు అని ఆయన చెబుతాడు. మంచి ప్రారంభం. అయితే రక్షకుడు లేడన్న ఎరుకతో మొదలైన చిత్రం, అక్కడినుంచి రక్షకుణ్ణి వెతకడమే పనిగా పెట్టుకుంటుంది. జనం కలిసి తమ బడిని బాగుచేసుకోగలరన్న ఊహ అందులో ఎక్కడా తలెత్తదు.

కథ ఐదుగురు పిల్లలది. నలుగురు వాషింగ్టన్, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ నగరాల్లోని పేద కుటుంబాలవాళ్లు. ఒకరు కాలిఫోర్నియా మధ్యతరగతి అమ్మాయి. ఐదుగురూ చార్టర్ బడుల్లో సీటు కోసం లాటరీకి పేరిచ్చారు. ఇక ప్రతినాయకుడు కావాలి. ఆ పాత్ర ఉపాధ్యాయ సంఘానికి దక్కింది. పనికిరాని ఉపాధ్యాయుల్ని ఒక బడినుంచి మరో బడికి నెట్టే తంతును దర్శకుడు బొమ్మలాటగా చూపిస్తాడు. ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వులోనే తీర్పు అయిపోతుంది. ఇదే చిత్రం మెచ్చుకునే ఫిన్లాండ్‌లో ఉపాధ్యాయులు దాదాపు అందరూ సంఘ సభ్యులేనన్న విషయం ఆ నవ్వులో కలిసిపోతుంది.

ఎనిమిదో తరగతి పిల్లల్లో 70 శాతం మంది తమ తరగతి స్థాయిలో చదవలేరన్న భావం కూడా చిత్రం కలిగిస్తుంది. జాతీయ పరీక్షలో 'ప్రావీణ్యం' అన్న మెట్టుకు చేరనివాళ్ల లెక్క అది. ఆ మెట్టు తరగతి స్థాయి కంటే బాగా పైది. కనీస స్థాయికి కూడా చేరని పిల్లలు 2009లో 25 శాతం. 25 శాతం కూడా సిగ్గుపడవలసిన అంకెే. కాని దాన్ని 70గా వినిపించడానికి కారణం ఉంది. ఇల్లంతా తగలబడుతోందని నమ్మినవాడే కిటికీలోంచి దూకడానికి ఒప్పుకుంటాడు.

ఈ చిత్రంలో గొప్ప దృశ్యం ఒకటుంది. దాన్ని గొప్పదని ఒప్పుకోవాలి. హార్లెంలో ఒక కిండర్‌గార్టెన్ పాప ఫీజు కట్టించుకునే బడిలో చదువుతుంది. తల్లికి ఉద్యోగంలో పనిగంటలు తగ్గాయి. ఫీజు బాకీ పడింది. బడిలో చదువు ముగింపు వేడుక జరిగే రోజున ఆ పాపను రానివ్వలేదు. వీధికి ఇవతల తన ఇంట్లోనుంచి పాప ఆ వేడుక జరిగే చోటును చూస్తూ ఉంటుంది. పేద తల్లి ముఖంలోని అవమానాన్ని కెమెరా నిజాయితీగా పట్టుకుంది. కాని ఆ దృశ్యం చెబుతున్నదేమిటి? పాప చదువు తెగిపోయింది తల్లి పనిగంటలు తెగిపోయినందువల్ల. గేటు మూసింది ఏ ఉపాధ్యాయ సంఘమూ కాదు, ఫీజుల బడి. కళాకారుడి కన్ను సత్యాన్ని చూసింది. అతడి దృక్పథం ఆ సత్యం పక్కనుంచి నడిచిపోయింది. వాస్తవికతకు, వాస్తవాల చిత్రణకు ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

చివరి ఘట్టం లాటరీ. బంతులు తిరుగుతాయి, అంకెలు పలుకుతాయి, పేర్లు చదువుతారు. కొందరికి వస్తుంది. ఎక్కువమందికి రాదు. హాలులో తల్లులు ఏడుస్తారు, చూసేవాళ్లూ ఏడుస్తారు. మన జానపద కథల్లో వారసుడు లేని రాజ్యానికి రాజును ఎన్నుకోవలసి వచ్చినప్పుడు పట్టపుటేనుగు తొండానికి పూలమాల ఇచ్చి వదులుతారు. అది ఎవరి మెడలో మాల వేస్తే వాడే రాజు. కథ ఆ ఒక్కడి వెంట అంతఃపురంలోకి పోతుంది. గుంపులో నిలబడి ఇళ్లకు తిరిగిపోయినవాళ్ల గురించి కథకుడు ఒక్క మాట చెప్పడు. ఆ కథలో అది తప్పు కాదు. రాజ్యానికి ఒక్కడే రాజు కావాలి. కాని బడి సింహాసనం కాదు. ఇక్కడ కథ నిర్మాణమే ఒక అబద్ధాన్ని మోసుకొస్తుంది. సీట్లు తక్కువ ఉండటం ప్రకృతి సహజమని, చేయగలిగింది మాల కోసం మెడ చాచడమేనని అది నేర్పుతుంది.

లెక్కలు ఏమంటున్నాయి

ఇంతకీ అంతఃపురంలో ఏముంది? చార్టర్ బడిలో చేరిన బిడ్డకు చదువు నిజంగా ఎక్కువ వస్తుందా? ఈ ప్రశ్నకు ఇప్పుడు మంచి సమాధానమే ఉంది. అది ఇరుపక్షాలకూ కొంత చేదుగా ఉండటం వల్ల ఎవరూ పూర్తిగా చెప్పరు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని 'క్రెడో' అనే పరిశోధన కేంద్రం చార్టర్ బడి పిల్లలను, అన్ని విధాలా వాళ్లను పోలిన ప్రభుత్వ బడి పిల్లలతో సరిపోల్చింది. 2009లో వెలువడిన ఫలితం ఇది: గణితంలో 17 శాతం చార్టర్ బడులు మెరుగ్గా ఉన్నాయి, 46 శాతం బడుల్లో తేడా లేదు, 37 శాతం బడులు అధ్వాన్నంగా ఉన్నాయి. చిత్రం కూడా అయిదింట ఒక చార్టర్ బడే అద్భుత ఫలితాలిస్తోందని దారిలో ఒక మాట అనేసి ముందుకు పోతుంది. తర్వాతి కాలంలో పరిస్థితి కొంత మెరుగుపడింది. 2023 నివేదిక ప్రకారం చార్టర్ పిల్లలు ఏడాదికి చదవడంలో 16 రోజుల చదువుకు, గణితంలో 6 రోజుల చదువుకు సమానమైనంత ముందున్నారు.

ఈ 'రోజులు' అన్న కొలమానం ముందు సాహిత్య విద్యార్థి ఒక్క క్షణం ఆగాలి. పరీక్ష మార్కుల్లోని చిన్న తేడాను జనానికి అర్థమయ్యే మాటలోకి మార్చిన అలంకారం ఇది. నూరుమంది పిల్లల్ని మార్కుల వరుసలో నిలబెడితే, సరిగ్గా మధ్యనున్న బిడ్డ సుమారుగా ఒక స్థానం ముందుకు జరగడం ఆ 16 రోజులకు అర్థం. 6 రోజులంటే ఆ ఒక్క స్థానం కూడా పూర్తిగా లేదు. అంకె అబద్ధం కాదు. కాని అలంకారం వాచ్యార్థాన్ని మించి ధ్వనిస్తుంది.

ఈ సగటు కింద మూడు వేరువేరు లోకాలున్నాయి. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చదివించే ఆన్‌లైన్ చార్టర్ బడులు ఒక లోకం. 2015 నాటి అధ్యయనంలో వాటి పిల్లలు గణితంలో 180 రోజులు వెనకబడ్డారు. అమెరికాలో బడి ఏడాది సుమారుగా అన్నే రోజులు. ప్రభుత్వం తలకింత అని డబ్బు చెల్లించింది, ఆ తలల్లోకి వెళ్లింది శూన్యం. పట్టణ శివార్లలోని మధ్యతరగతి చార్టర్ బడులు రెండో లోకం. అక్కడ ప్రయోజనం ఏమీ లేకపోవడమో, నష్టమో కనిపిస్తుంది. పెద్ద నగరాల్లో నల్లజాతి, లాటినో పేద పిల్లలు చదివే చార్టర్ బడులు మూడో లోకం. ఇక్కడ లాభం స్పష్టంగా ఉంది. 41 నగర ప్రాంతాలపై 2015లో వచ్చిన క్రెడో నివేదిక గణితంలో 40 రోజుల, చదవడంలో 28 రోజుల ఆధిక్యం చూపింది.

మనవాళ్ల అభ్యంతరం

ప్రగతిశీల విమర్శకుల్లో ఒక అలవాటుంది. చార్టర్ బడుల మంచి ఫలితాలు చూపగానే, 'చురుకైన పిల్లల్ని, శ్రద్ధగల తల్లిదండ్రుల్ని ఏరుకుంటారు, అందులో గొప్పేముంది' అంటారు. దరఖాస్తు పెట్టే ఓపిక ఉన్న తల్లి బిడ్డ ఎక్కడైనా బాగానే చదువుతుంది అన్నది ఈ వాదన. కొన్నిచోట్ల ఇది నిజం. కాని దీన్ని అన్నిచోట్లా వాడటం సోమరితనం. దీనికి సమాధానం అదే లాటరీలో ఉంది.

లాటరీలో గెలిచిన బిడ్డ, ఓడిన బిడ్డ ఇద్దరి తల్లులూ దరఖాస్తు పెట్టినవాళ్లే. శ్రద్ధలో వాళ్ల మధ్య తేడా లేదు. తేడా అదృష్టానిదే. కాబట్టి కొన్నేళ్ల తర్వాత ఇద్దరి చదువులోనూ తేడా వస్తే అది బడి తెచ్చిన తేడా. ఈ సూత్రంతో బోస్టన్ నగరంలో జాషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్ తదితరులు పరిశోధన చేశారు. వీరిలో ఆంగ్రిస్ట్ 2021లో అర్థశాస్త్ర నోబెల్ పంచుకున్నవాడు. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మిడిల్ స్కూలు గణితంలో లాభం చాలా పెద్దది. పైన చెప్పిన వరుసలో మధ్యనున్న బిడ్డ ఒక్క ఏడాదిలో పదిహేను స్థానాల దరిదాపులకు ముందుకు జరిగినంత. తెల్ల, నల్ల పిల్లల మధ్య ఉన్న అంతరంలో పెద్ద భాగాన్ని ఇది పూడ్చగలదు. ఆ తర్వాతి అధ్యయనాల్లో అక్కడి చార్టర్ హైస్కూలు పిల్లలు రెండేళ్ల కాలేజీలకు బదులు నాలుగేళ్ల కాలేజీలకు ఎక్కువగా వెళ్లినట్టు కూడా తేలింది.

ఈ ఫలితానికి పరిమితులున్నాయి. లాటరీ అవసరమయ్యేది జనం ఎగబడే బడులకే గనుక, ఎవరూ ఎగబడని బడుల సంగతి ఈ పద్ధతి చెప్పదు. 15 రాష్ట్రాల్లో 36 మిడిల్ స్కూళ్లపై ఇదే పద్ధతిలో జరిగి 2010లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం సగటున ఏ ప్రభావమూ కనుక్కోలేదు. అక్కడ కూడా పేద పిల్లలకు గణితంలో లాభం, కలిగినవాళ్ల పిల్లలకు నష్టం కనిపించాయి. పరిమితులన్నీ లెక్కలోకి తీసుకున్నా బోస్టన్ సత్యం మిగిలే ఉంటుంది. పేద నల్లజాతి బిడ్డ చదువు పుట్టుకతో తీర్పయిపోలేదని, బడి మారితే ఆ తీర్పు మారుతుందని ఈ లెక్క నిరూపించింది. పేదల పక్షాన నిలబడే విమర్శకుడు సంతోషించవలసిన ఫలితం ఇది. ఆ ఫలితం తనకు గిట్టని చోటునుంచి వచ్చిందని దాన్ని కాదనడం పేద తల్లి అనుభవాన్ని కాదనడమే. లాటరీ హాలులో ఏడ్చిన ఆ తల్లి మోసపోయినది కాదు. తన వీధి బడి సంగతి ఆమెకు ఏ విమర్శకుడికంటే బాగా తెలుసు.

అయితే అదే బోస్టన్ లెక్కల్లోంచి క్రిస్టఫర్ వాల్టర్స్ 2018లో మరో నిజం బయటపెట్టాడు. ఈ బడుల వల్ల ఎక్కువ లాభం పొందగల పిల్లలు, అంటే మరీ పేదవాళ్లు, మరీ వెనకబడ్డవాళ్లు, వీటికి దరఖాస్తు పెట్టడమే తక్కువ. మాల ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లు ఆ గుంపులోకే రాలేదు. 'ఎంపిక స్వేచ్ఛ' అన్న మాటలోని డొల్లతనం దీనికంటే బాగా ఏ నినాదమూ చెప్పలేదు. సమాచారం, తీరిక, ధైర్యం సమానంగా పంచని సమాజంలో ఎంపిక కూడా సమానంగా పంపిణీ కాదు.

ఫలితానికి కారణం ఏది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బోస్టన్, న్యూయార్క్ బడుల్లో పిల్లలకు చదువు వచ్చింది యాజమాన్యం ప్రైవేటుది కావడం వల్లనా, లేక బడి లోపల జరిగిన పని వల్లనా?

విల్ డాబీ, రోలండ్ ఫ్రయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు న్యూయార్క్ చార్టర్ బడులను లోపలికి వెళ్లి పరిశీలించి 2013లో ప్రచురించారు. ఫలితాలతో ముడిపడి కనిపించినవి ఐదు: ఉపాధ్యాయుల పాఠాన్ని తరచుగా చూసి సలహా ఇవ్వడం, పిల్లల తప్పుల్ని లెక్కగట్టి దాని ప్రకారం పాఠం మార్చడం, చిన్న గుంపులకు ఎడతెగని ట్యూషన్, ఎక్కువ బడివేళలు, పిల్లలు నేర్చుకోగలరన్న గట్టి నమ్మకం. ఈ ఐదింటిలో ప్రైవేటు సంస్థ మాత్రమే చేయగలిగినది ఒక్కటైనా ఉందా? మన వీధిబడి పంతులుకు కూడా తెలిసిన పాత సంగతులే ఇవి. పిల్లవాడి పక్కన కూర్చుని, వాడి తప్పు చూసి, మళ్లీ చెప్పడం.

ఇది కేవలం తర్కం కాదు. 2010 తర్వాత హ్యూస్టన్ నగరంలో ఇరవై మామూలు ప్రభుత్వ బడుల్లో ఈ ఐదు పద్ధతులనూ ప్రవేశపెట్టారు. యాజమాన్యం ప్రభుత్వానిదే. ఏ లాటరీ లేదు, ఆ బడి పిల్లలందరికీ వర్తించింది. ఫ్రయర్ 2014లో ప్రచురించిన ప్రకారం గణితంలో మంచి లాభం కనిపించింది, చదవడంలో పెద్దగా లేదు. ప్రధానోపాధ్యాయుల్ని, చాలామంది ఉపాధ్యాయుల్ని మార్చారు గనుక అది నొప్పి లేని మార్పేమీ కాదు, డబ్బూ ఖర్చయింది. అయినా దాని సారాంశం స్పష్టం. పంటకు కారణం ఎరువూ నీరూ గాని, పట్టాదారు పేరు కాదు. షాంకర్ 1988లో కోరింది సరిగ్గా ఇదే: ప్రయోగశాలలో నేర్చిందాన్ని అందరికీ పంచడం. కాని హ్యూస్టన్ మీద ఎవరూ కన్నీరు పెట్టించే సినిమా తీయలేదు. అందరికీ అందినచోట లాటరీ ఉండదు. లాటరీ లేనిచోట ఆ రకం కథకు పతాక సన్నివేశం దొరకదు.

ఖర్చు ఎక్కడ పడుతుందో చూడటానికి న్యూ ఆర్లియన్స్ ఉంది. 2005 తుపాను తర్వాత ఆ నగరపు బడులను దాదాపు పూర్తిగా చార్టర్ సంస్థల చేతుల్లో పెట్టారు. సుమారు 7,500 మంది బడి ఉద్యోగుల్ని తీసేశారు. ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, ఆ నగరపు నల్లజాతి మధ్యతరగతికి వెన్నెముక. ఆ తర్వాతి ఏళ్లలో పిల్లల మార్కులు గణనీయంగా పెరిగాయని డగ్లస్ హారిస్ బృందం తేల్చింది. దాన్ని కాదనలేం. పోలిక ప్రాంతాలతో చూస్తే పిల్లవాడిపై ఖర్చు 13 శాతం పెరిగిందని, అందులో పరిపాలన ఖర్చు 66 శాతం పెరిగి, బోధన ఖర్చు 10 శాతం తగ్గిందని కూడా అక్కడి పరిశోధకులే 2017లో లెక్కగట్టారు. పిల్లలు గెలిచారు, వాళ్ల అమ్మలూ అత్తలూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఈ రెండు వాక్యాల్నీ ఒకే పేజీలో రాయగలిగినవాడు ఆ నగరపు నవలాకారుడవుతాడు.

'సాధన' అన్న మాట

ఇంతవరకూ మనం మార్కుల్నే విద్యార్థి సాధనగా లెక్కించాం. ఆ కొలమానాన్ని కూడా ప్రశ్నించాలి. ఎక్కువ ఫలితాలు చూపిన నగర చార్టర్ బడుల పద్ధతికి అమెరికాలో 'సాకులు చెల్లవు' అన్న పేరుంది. నిటారుగా కూర్చోవాలి, మాట్లాడేవారి వైపే చూడాలి, వరసలో మౌనంగా నడవాలి, చిన్న తప్పుకూ శిక్ష ఉంటుంది. జోఆన్ గోలన్ అనే సామాజికశాస్త్రవేత్త ఇలాంటి ఒక బడిలో చాలాకాలం గడిపి 2021లో ఒక పుస్తకం ప్రచురించింది. ప్రతి కదలికా ముందే రాసిపెట్టిన నాటకంలా సాగే ఆ బడిలో పిల్లలు చెప్పింది చేయడం నేర్చుకుంటారుగాని, మధ్యతరగతి పిల్లలకు సహజంగా అబ్బే చొరవ, అడిగే ధైర్యం, మాట్లాడి ఒప్పించే నేర్పు అలవడవని ఆమె వాదన. 1994లో హ్యూస్టన్‌లో మొదలై దేశమంతా విస్తరించిన 'కిప్' బడులు, కష్టపడు, మంచిగా ఉండు అన్న అర్థమిచ్చే తమ పాత నినాదాన్ని 2020లో తామే మానుకున్నాయి. అణిగి ఉండటాన్ని అది నేర్పుతోందన్న గ్రహింపు దానికి కారణం.

జీవితంలో ఏమైంది? టెక్సస్ రాష్ట్రపు లెక్కలు తీసి డాబీ, ఫ్రయర్ 2020లో ప్రచురించారు. కట్టుదిట్టమైన చార్టర్ బడులు మార్కుల్ని, నాలుగేళ్ల కాలేజీ ప్రవేశాల్ని పెంచాయి. సంపాదన మీద మాత్రం చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదు. మిగిలిన చార్టర్ బడులు మార్కుల్నీ తగ్గించాయి, సంపాదననూ తగ్గించాయి. ఒక్క రాష్ట్రపు లెక్కతో అంతా తేల్చలేం. కాని ఒక హెచ్చరిక చాలు. బడి మెట్లు ఎక్కినంత మాత్రాన కూలి బజారు తన తలుపు తెరవదు. చదువుతో పేదరికం పోతుందని చెప్పేవాళ్లు పనిగంటలు, కూలిరేట్లు, అద్దెల గురించి మాట్లాడకపోతే వాళ్లు సగం కథే చెబుతున్నారు.

ఆంధ్ర పల్లెల్లో లాటరీ

మొదట చెప్పిన రెండో కారణం ఇది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాలు, 180 గ్రామాల్లో ఒక ప్రయోగం మొదలైంది. ప్రభుత్వ బడి పిల్లలు ప్రైవేటు బడిలో చదవడానికి వోచర్లు ఇస్తామన్నారు. దరఖాస్తులు తీసుకుని లాటరీ వేశారు. చార్టర్ బడి కాకపోయినా, డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి, ఎంపిక తల్లిదండ్రులు చేయాలి అన్న మూల సూత్రం అదే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ల తర్వాత లాటరీలో గెలిచిన, ఓడిన పిల్లల్ని పోల్చి 2015లో ఫలితాలు ప్రచురించారు.

తెలుగులో తేడా లేదు. గణితంలో తేడా లేదు. ప్రైవేటు బడుల్లో తెలుగుకూ, గణితానికీ కేటాయించే సమయం తక్కువ. మిగిలిన సమయం హిందీ వంటి ఇతర పాఠాలకు పోయింది. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు ముందున్నారు. ప్రైవేటు బడి ఖర్చు పిల్లవాడికి ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. తక్కువ ఖర్చుతో అంతే చదువు చెప్పారు గనుక ప్రైవేటు బడే సమర్థమైనదని ఒక పక్షం అంటుంది. ఆ మిగులు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. ప్రైవేటు బడి ఉపాధ్యాయుల చదువు, శిక్షణ తక్కువ, జీతం మరీ తక్కువ. కాని వాళ్లు బడికి మానకుండా వస్తారు, ఎక్కువసేపు ఉంటారు. అంటే 'సామర్థ్యం' అన్న మాటకు ఇక్కడి అర్థం, నిరుద్యోగ డిగ్రీ కుర్రవాడో అమ్మాయో చాలీచాలని జీతానికి చేసే చాకిరీ. దీనితోపాటు ప్రభుత్వ బడి పంతులు గైరుహాజరు సంగతి కూడా ఆ లెక్కలో ఉంది. ఉపాధ్యాయ ఉద్యమాలు మనకెంత ఆత్మీయమైనా ఆ పంక్తిని కూడా చదవక తప్పదు.

బోస్టన్‌లో లాటరీ గెలిచిన బిడ్డకు చదువు వచ్చింది, ఆంధ్ర పల్లెలో లాటరీ గెలిచిన బిడ్డకు తెలుగూ గణితమూ అదనంగా రాలేదు. రెండుచోట్లా 'ఎంపిక' ఉంది. బోస్టన్ బడుల్లో ఎక్కువ వేళలు, ట్యూషన్, పాఠం మీద శ్రద్ధ కలిసి ఉన్నాయి. పల్లె ప్రైవేటు బడిలో ఆ కలయిక లేదు. ఎంపిక దానంతటది చదువు చెప్పదు. ర్యాంకుల బొమ్మలతో పత్రికల మొదటి పేజీలు నింపే విద్యా వ్యాపారం చూసిన తెలుగు పాఠకులకు ఈ వాక్యాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

రచయిత పని

2016లో మసాచుసెట్స్ ప్రజల ముందు ఒక ప్రశ్న పెట్టారు. చార్టర్ బడుల సంఖ్య మీదున్న పరిమితిని సడలించాలా? దేశంలోకెల్లా మంచి చార్టర్ బడులున్న రాష్ట్రం అది. సుమారు 62 శాతం మంది వద్దన్నారు. తమ పట్టణపు బడి నిధులు తరలిపోతాయన్న భయం అందులో పనిచేసింది. లెక్కల ప్రకారం బోస్టన్ పేద పిల్లలు నష్టపోయారని పరిశోధకులు బాధపడ్డారు. ఆ బాధలో నిజముంది. ఓటు వేసినవాళ్ల భయంలోనూ నిజముంది. ఈ రెండు నిజాలను ఎదురెదురుగా నిలబెట్టింది సీట్ల కొరత. దాన్ని సృష్టించినవాళ్లు బ్యాలెట్ కాగితం మీద లేరు.

'వెయిటింగ్ ఫర్ సూపర్‌మాన్' చిత్రానికి జవాబుగా 2011లో న్యూయార్క్ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి తమ చిత్రం తీశారు. వాదన బలమైనదే గాని, ఆ మొదటి చిత్రం చేరినంత దూరం అది చేరలేదు. మన రచయితలు నేర్చుకోవలసిన పాఠం ఇందులో ఉంది. కన్నీటి కథకు ఖండన వ్యాసం చాలదు. అంతకంటే నిజమైన కథ కావాలి. లాటరీ అయిపోయాక హాలులోంచి బయటికి నడిచిన బిడ్డ మర్నాడు ఏ బడికి వెళ్లింది, ఆ తరగతిలో ఎవరు పాఠం చెప్పారు, ఆ తల్లి ఏ బస్సెక్కి ఏ పనికి పోయింది అన్నది రాయాలి. బోస్టన్ బడిలో లెక్కలు నేర్చుకుని ముందుకు వెళ్లిన బిడ్డ ఆనందాన్ని కూడా అంతే ప్రేమతో రాయాలి. ఆ ఆనందాన్ని దాచిపెట్టే సాహిత్యాన్ని పేదలు నమ్మరు.

చార్టర్ బడులు విద్యార్థుల సాధనను పెంచుతాయా అని అడిగితే, కొన్ని పెంచుతాయి, కొన్ని ముంచుతాయి, ఎక్కువ బడులు పెద్ద తేడా తేవు అన్నది సరైన సమాధానం. పెంచినవి ఏం చేశాయో తెలిసింది గనుక, అది అందరి బడుల్లో ఎందుకు జరగదన్నది ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న. లాటరీ కథ ఈ రెండో ప్రశ్నను అడగనివ్వదు. దాన్ని అడిగేలా చేసే కథలు రావాలి.